ఆ చీము ఎక్కడికి పంపారు?

2025 సెప్టెంబరులో గుంటూరు పక్కనున్న తురకపాలెం పేరు పేపర్లలో వరసగా వచ్చింది. ఊళ్ళో జ్వరాలతో మనుషులు చనిపోతున్నారని, తడి మట్టిలో ఉండే సూక్ష్మజీవితో వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బేమోనని అనుమానిస్తున్నారని వార్త. అక్కడి మరణాల గురించి నేనేమీ చెప్పబోవడం లేదు. ఆ వారం టీవీలో పదే పదే వినబడిన ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. "అత్యంత అరుదైన వ్యాధి." ఆ మాట నేను అంతకు రెండేళ్ళ ముందే, విశాఖలో ఒక ఆసుపత్రి వరండాలో విన్నాను. అప్పుడు మంచం మీద ఉన్నది మా మావయ్య.

నేను డాక్టర్ని కాదు, బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. కానీ ఆ రెండు నెలలూ మావయ్య ఫైలు నా చేతిలోనే ఉంది. ప్రతి కాగితం, ప్రతి తేదీ నాకు గుర్తు. ఆ ఫైలు చూసి చూసి నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. అదెంతవరకు నిలుస్తుందో ఇక్కడ రాసి చూసుకుంటాను.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర, వంశధార నీళ్ళు పారే పల్లె. 2023లో ఉభాలు, అంటే వరి నాట్లు, అయిన మూడు వారాలకి మావయ్యకి జ్వరం వచ్చింది. దమ్ము పట్టిన మడిలో రోజంతా వట్టికాళ్ళతో తిరిగిన మనిషి. మడమల పగుళ్ళు ఏడాది పొడుగునా ఉండేవే. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు, మాత్రలు గుర్తున్నప్పుడే వేసుకునేవాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ మూడు రోజులు ఇంజక్షన్లు చేశాడు. తగ్గలేదు. టౌన్లో వైడాల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు, పది రోజుల కోర్సు వాడాం. సాయంత్రం నాలుగయ్యేసరికి వణుకు, అర్ధరాత్రికి చెమట. "జొరం ఒగ్గటం నేదురా బాబూ" అని ఫోన్లో అంటుంటే గొంతు గుర్తుపట్టలేకపోయాను.

ఎడమ డొక్కలో నొప్పి మొదలయ్యాక స్కానింగ్ తీశారు. ప్లీహం ఉబ్బి ఉంది, అందులో నాలుగైదు చిన్న చీముగడ్డలు, కాలేయంలో ఇంకొకటి, కాస్త పెద్దది. అమ్మమ్మకి చెబితే "బల్ల పెరిగిందన్నమాట" అంది. ఆవిడ కాలంలో పొట్టలో పెరిగినదేదైనా బల్లే. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. కాలేయంలో గడ్డ ఉంటే మామూలుగా ఇచ్చే మందులే ఇచ్చారు, సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్. వారం తర్వాత సూది గుచ్చి కాలేయం గడ్డలోంచి చీము లాగారు. సిరంజి నిండా వచ్చింది, నేను కళ్ళారా చూశాను. అందులో కొంచెం టీబీ పరీక్షకి, కొంచెం కణాల పరీక్షకి వెళ్ళింది. మిగతాది పారబోశారు.

టీబీ పరీక్షలో ఏమీ రాలేదు. "కడుపు టీబీలో ఇలా నెగటివ్ రావడం మామూలే" అని టీబీ మందులు మొదలుపెట్టారు. అబద్ధం చెప్పలేదు వాళ్ళు, కడుపు టీబీలో నిజంగానే పరీక్షలు చాలాసార్లు పట్టుకోలేవు. మావయ్య మాత్రం రోజురోజుకీ కరిగిపోయాడు. 65 కిలోల మనిషి 51కి వచ్చాడు. అప్పుడు అప్పు చేసి విశాఖ తీసుకెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన ఫైలంతా నెమ్మదిగా తిరగేసి, కళ్ళజోడు తీసి ఒకే ప్రశ్న అడిగారు.

"ఆ చీము ఎక్కడికి పంపారు? కల్చర్ రిపోర్టు ఏది?"

కల్చర్ అంటే చీమునో రక్తాన్నో ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచి, అందులో ఏ సూక్ష్మజీవి ఉందో చూసే పరీక్ష. ఫైల్లో అది లేదు. ఎవరూ రాయలేదు.

మళ్ళీ సూది గుచ్చారు. మళ్ళీ చీము వచ్చింది. ఈసారి రక్తమూ చీమూ రెండూ కల్చర్‌కి వెళ్ళాయి. రెండో రోజు ల్యాబ్ వాళ్ళు "సూడోమోనాస్ జాతి సూక్ష్మజీవి, బయటి నుంచి కలిసిందేమో" అని రాసిచ్చారు. ఆ రిపోర్టు అక్కడే ఆగిపోయి ఉంటే మావయ్య ఇప్పుడు ఉండేవాడు కాదని నా నమ్మకం. ఆ పెద్దాయన ఫోన్ తీసి ల్యాబ్‌కి చేశారు. నేను పక్కనే ఉన్నాను. "పేషెంటు వరి రైతమ్మా. షుగర్ ఉంది. ప్లీహంలో గడ్డలున్నాయి. ఆ ప్లేటు పారేయకండి, ఇంకోసారి చూడండి." అంతే మాట్లాడారు. అవతల మైక్రోబయాలజిస్టుకి ఆ నాలుగు మాటలు చాలాయి. ప్లేటు మీద పెరిగినది జెంటామైసిన్ అనే మందుకి లొంగడం లేదు, కోలిస్టిన్‌కీ లొంగడం లేదు, ఆగ్మెంటిన్‌కి మాత్రం లొంగుతోంది. మామూలు సూడోమోనాస్ నడత ఇలా ఉండదట. నాలుగో రోజుకి పేరు తేలింది. బర్ఖోల్డేరియా సూడోమాలై. జబ్బు మెలియాయిడోసిస్.

రంగంలో దొరికిన జబ్బు

ఈ సూక్ష్మజీవిని మొదట గుర్తించింది బర్మాలోని రంగూన్‌లో, మావాళ్ళు రంగం అనే ఊళ్ళో. 1911లో అక్కడి పాథాలజిస్టు ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, ఆయనతో పనిచేసిన సి.ఎస్. కృష్ణస్వామి, చనిపోయినవాళ్ళ శరీరాల్లో ఒళ్ళంతా చీముగడ్డలు చూసి, ఇది అప్పటిదాకా ఎవరూ రాయని జబ్బని తేల్చి 1912లో ప్రచురించారు. వాళ్ళు చూసిన రోగుల్లో ఎక్కువమంది మార్ఫిన్ సూదులకి అలవాటు పడ్డ పేదలు. చాలాకాలం దీన్ని విట్‌మోర్ జబ్బనే పిలిచారు.

రంగూన్ అని చదవగానే నాకు మా ముత్తాత గుర్తొచ్చాడు. ఆయన రంగం వెళ్ళి వచ్చినవాడు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడెక్కి రంగం వెళ్ళి బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసిన మనుషులు మా వైపు ఊరికి పదిమంది తేలతారు. ఆ ఇద్దరు డాక్టర్లు చూసిన శరీరాల్లో మనవాళ్ళవి ఉన్నాయో లేవో నేను చెప్పలేను. కానీ మనవాళ్ళు వేలల్లో బతికిన ఊళ్ళో, మనలాగే వరి పండే నేల మీద, వందేళ్ళ కిందటే దొరికిన జబ్బు ఇది. అది ఏ దూరదేశానిదో అయినట్టు మాట్లాడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇది తడి నేలలో, నిలిచిన నీళ్ళలో బతుకుతుంది. కాలి పగులులోంచి, చిన్న గీతలోంచి లోపలికి వెళుతుంది. గాలివానప్పుడు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, మురికి నీళ్ళతో కడుపులోకీ వెళ్ళొచ్చు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని చాలామట్టుకు ఏమీ చేయదు. షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, బాగా తాగేవాళ్ళు దీనికి దొరికిపోతారు. మామూలుగా మూడు వారాల్లోపు బయటపడుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఒంట్లో దాక్కోగలదు కూడా. 62 ఏళ్ళ తర్వాత బయటపడ్డ కేసు ఒకటి వైద్య పత్రికల్లో నమోదైంది.

ఇక్కడ మా జిల్లా మనిషిగా నాకు కలిగే దిగులు చెప్పాలి. వరి మళ్ళు ఉన్నాయి. ఊరూరా షుగర్ ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బుంది. తుపాన్లు మాకు కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిపోయాక, కూలిన కొబ్బరి చెట్ల మధ్య, బురదలో, ఆ ప్రాంతం జనం ఎన్నాళ్ళు పనిచేశారో మాకు తెలుసు. ఈ జబ్బుకి ఏమేం కావాలని పుస్తకాల్లో రాశారో అవన్నీ ఒకే జిల్లాలో పోగుపడి ఉన్నాయి. పక్కనే ఒడిశాలో కేసులు పట్టుకుంటున్నారు. వెల్లూరులో, మణిపాల్‌లో ఎప్పటి నుంచో పట్టుకుంటున్నారు. మా దగ్గర తక్కువ ఉందా, లేక మేము చీము పారబోస్తున్నామా?

2016లో ఒక పరిశోధక బృందం ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోందని, 89,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. అందులో 44 శాతం దక్షిణాసియాలోనే అన్నారు. ఇవి తలలు లెక్కపెట్టి చెప్పినవి కావు. నేలలు, వానలు, జనాభా చూసి కట్టిన లెక్క. లెక్కల మాస్టారిగా నాకు దాని మీద అనుమానాలున్నాయి, ఎటువైపైనా బాగా తప్పొచ్చు. కానీ అందులో సగమే నిజమైనా, "అత్యంత అరుదైన" అనే మాట వాడటానికి నాకు నోరు రాదు.

టీబీ అనుకోవడం తప్పా?

నా చిన్ననాటి స్నేహితుడొకడు విజయనగరం జిల్లాలో ప్రభుత్వ డాక్టరు. ఈ సంగతి మీద మేమిద్దరం గంటల తరబడి వాదించుకున్నాం. వాడి మాటలు ఇక్కడ పెట్టకపోతే నేను న్యాయంగా రాసినట్టు కాదు.

"నెల రోజుల జ్వరం, బరువు తగ్గడం, కడుపులో గడ్డలు. మన దేశంలో ఇలాంటి పదిమంది వస్తే ఎక్కువమందికి టీబీయే ఉంటుందిరా. టీబీ అనుకోని డాక్టరే తప్పు చేసినట్టు" అన్నాడు. నిజమే. పైగా ఈ జబ్బులో ముక్క తీసి పరీక్షించినా టీబీలో కనబడే లాంటి కణాల గుంపులే కనబడొచ్చు. చూసినవాడు మోసపోవడంలో వింతేం లేదు. మావయ్యకి టీబీ మందులిచ్చిన డాక్టరు మీద మొదట్లో నాకున్న కోపం, ఈ మాటలు విన్నాక చాలావరకు పోయింది.

"జ్వరమొచ్చిన ప్రతివాడికీ కల్చర్ రాస్తే ఎవడు కడతాడు డబ్బులు? మా సెంటర్లో కల్చర్ లేదు. శాంపిల్ పంపితే చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. రిపోర్టు వచ్చేలోపు పేషెంటు వేరే ఆసుపత్రికి వెళ్ళిపోతాడు" అన్నాడు. ఇదీ నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

మూడోది వాడు కొంచెం గట్టిగానే అన్నాడు. "నువ్వు రాసింది చదివి రేపు నలుగురు, కల్చర్ లేకుండానే మెరోపెనమ్ ఎక్కించేస్తారు. అది ఆఖరి మందుల్లో ఒకటి. ఇలాగే వాడి వాడి పాడుచేసుకున్నాం ఉన్నవన్నీ." ఈ మాట నన్ను చాలా రోజులు వేధించింది. అందుకే స్పష్టంగా రాస్తున్నాను. అనుమానం రాగానే పెద్ద మందులు మొదలుపెట్టమని నేను అడగడం లేదు. చావుబతుకుల్లో ఉన్న రోగి సంగతి వేరు, అది డాక్టరు ఆ నిమిషంలో తేల్చుకోవాల్సింది.

వాడితో వాదించగా వాదించగా నా కోరిక చిన్నదైంది. ప్రతి జ్వరానికీ కల్చర్ అనడం మానేశాను. చీము చేతికొచ్చినప్పుడు మాత్రం దాన్ని కల్చర్‌కి పంపాలి అంటున్నాను. సూది ఎలాగూ గుచ్చారు, నొప్పి ఎలాగూ పడ్డాడు, సిరంజిలో చీము ఎలాగూ ఉంది. దాన్ని టీబీ పరీక్షకి పంపే మనిషి చేతులతోనే ఇంకో సీసాలోకి కాస్త పోయొచ్చు. వీలైతే కొత్త యాంటీబయాటిక్ ఎక్కించకముందే తీయాలి. రెండో కోరిక ఇంకా చిన్నది. ల్యాబ్‌కి పంపే చీటీ మీద పేరు, వయసు, "చీము" అని రాసి ఊరుకోకుండా "వరి రైతు, షుగర్, ప్లీహంలో గడ్డలు" అని ఒక్క వరస రాయాలి.

ఈ రెండోదానికి నేను ఎక్కువ పట్టుబడతాను. ఎందుకంటే ల్యాబ్‌లో కూర్చున్న మనిషికి రోగి కనబడడు, ప్లేటే కనబడుతుంది. ఈ సూక్ష్మజీవి నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు ప్లేట్లని రెండ్రోజులకి పారేసే అలవాటున్న చోట, ఇది ఇంకా తన రూపం చూపించకముందే చెత్తబుట్టలోకి వెళుతుంది. యంత్రాలు కూడా దీన్ని దీని దాయాదుల్లో ఒకటిగా పొరబడుతుంటాయి. దీని కోసమని యాష్‌డౌన్ మీడియం అని ఒకటుంది. జెంటామైసిన్ కలిపి చేస్తారు, మిగతావి చాలావరకు చచ్చి ఇది బతుకుతుంది, నాలుగు రోజులకి ముడతలు పడ్డ ఊదారంగు మచ్చల్లా కనబడుతుంది. దాని మీద వేసి చూడాలని ల్యాబ్ మనిషికి తోచాలంటే ఆ ఒక్క వరస కావాలి. దానికి రూపాయి ఖర్చు లేదు.

కల్చర్ కూడా సర్వం తెలిసింది కాదు. ఈ జబ్బు ఉన్న పదిమందిలో ఆరుగురిలోనే కల్చర్ పట్టుకుంటుందని థాయిలాండ్‌లో లెక్కగట్టారు. అంటే ఒక్కసారి నెగటివ్ వస్తే లేదని కాదు, మళ్ళీ మళ్ళీ పంపాలి. రక్తం, చీము, మూత్రం, కఫం, ఏది దొరికితే అది. మా స్నేహితుడు దీన్ని పట్టుకుని "చూశావా" అన్నాడు. నేనైతే పదిమందిలో ఆరుగురు అంటే ఎక్కువే అంటాను. మావయ్య ఆ ఆరుగురిలో ఒకడు.

మందు దొరికాక

పేరు తెలిశాక మందు తెలిసినట్టే. అంతకుముందు ఇచ్చిన సెఫ్ట్రియాక్సోన్ ఈ జబ్బుకి సరిపోదు. సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనమ్ గానీ రక్తంలోకి ఎక్కించాలి. కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు, లోపల గడ్డలుంటే నాలుగు వారాలు, ఇంకా ఎక్కువ కూడా. మావయ్యకి సెఫ్టాజిడైమ్ ఆరు గంటలకోసారి, 28 రోజులు. టీబీ మందులు ఆపేశారు. మొదటి వారం జ్వరం తగ్గనే లేదు. మందు పనిచేస్తున్నా జ్వరం తగ్గడానికి వారం పైనే పడుతుందని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అత్త ఆయన్ని మళ్ళీ ఇంకో ఆసుపత్రికి మార్చేసేదే. ప్లీహంలో చిన్న గడ్డల్ని కోయలేదు, మందులకే కరిగాయి. పదకొండో రోజు రాత్రి జ్వరం రాలేదు. అత్త నిద్రపోకుండా తెల్లవార్లూ నుదురు పట్టుకుని చూస్తూనే ఉంది. పుస్తెలతాడు అప్పటికే తాకట్టులో ఉంది.

ఆ తర్వాతది ఎవరూ పెద్దగా మాట్లాడని భాగం. ఇంజక్షన్లు అయ్యాక మూడు నుంచి ఆరు నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు మింగాలి. మనం సెప్ట్రాన్ అంటామే, అదే. చవక మాత్ర, చిన్నప్పుడు విరేచనాలకి వేసుకున్నదే. మావయ్య బరువును బట్టి పూటకి ఒకటిన్నర డీఎస్ (డబుల్ స్ట్రెంత్) మాత్ర, రోజుకి రెండు పూటలా. దీంతో ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, రక్తకణాలు తగ్గొచ్చు, పొటాషియం పెరగొచ్చు, కిడ్నీ మీద భారం పడొచ్చు. మొదట్లో వారం వారం రక్తపరీక్ష. ఉద్దానంలో ఎవరికైనా ఈ జబ్బొస్తే, పాడైన కిడ్నీతో ఇన్ని నెలలు ఈ మాత్ర ఎలా మింగిస్తారా అని నాకు అప్పుడే తోచింది. మోతాదు తగ్గించి, రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేయిస్తారు, చేయొచ్చు. కానీ ఆ రక్తపరీక్షకి కంచిలి నుంచో మందస నుంచో మాటిమాటికీ బస్సెక్కాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. జ్వరంతో, చీముగడ్డతో వచ్చిన కిడ్నీ రోగికి కల్చర్ రాయడం అక్కడ అలవాటైతే, ఈ జిల్లాలో ఈ జబ్బు ఎంతుందో నాలుగేళ్ళలో తెలిసిపోతుందని నా ఆశ.

రెండో నెలకే మావయ్య ఒళ్ళు చేశాడు. "బాగానే ఉన్నాను కదరా, ఇంకా ఎందుకీ గోలీలు" అని మొదలుపెట్టాడు. మూడు నాలుగు రోజులు మానేశాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నేను ఆయన మీద అరిచాను, జీవితంలో మొదటిసారి. ఈ మాత్రలు మధ్యలో మానేసినవాళ్ళలో జబ్బు తిరగబెడుతుంది, రెండోసారి మళ్ళీ మొదటి నుంచి ఇంజక్షన్లే. అయిదు నెలలు పూర్తి చేయించాం. అత్త గోడమీద క్యాలెండర్లో రోజూ రెండు గీతలు పెట్టేది. ఆ క్యాలెండర్ ఇప్పటికీ దాచింది.

బూట్లు, మడి, అత్త

తురకపాలెం వార్తలు వచ్చినప్పుడు ఇంకో బాధ చూశాను. మావయ్యకి వచ్చింది అదే జబ్బని ఊళ్ళో తెలుసు. టీ కొట్టు దగ్గర బల్ల మీద ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచి నిలబడ్డారట. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఇది అంటడం దాదాపు జరగదు. అది వస్తే వాళ్ళందరికీ ఆ మట్టిలోంచి, ఆ నీళ్ళలోంచి రావాలి, మావయ్య పక్కన కూర్చోవడం వల్ల కాదు. నేను వెళ్ళి చెప్పాను. కొందరు విన్నారు. అందుకే ఇలాంటి వ్యాసం రాయడానికి చాలాకాలం జంకాను. భయం ముందు పాకుతుంది, వివరం వెనక నడుస్తుంది.

టీకా లేదు. పుస్తకాల్లో జాగ్రత్త ఒకటే రాస్తారు, మడిలో దిగేటప్పుడు బూట్లు, చేతికి తొడుగులు. నేను నరసన్నపేటలో రెండు జతల రబ్బరు బూట్లు కొని తీసుకెళ్ళాను. దమ్ము పట్టిన మడిలో మావయ్య నాలుగు అడుగులు వేశాడు, అయిదో అడుగుకి కాలు వచ్చింది, బూటు బురదలోనే ఉండిపోయింది. నాట్లేసే ఆడవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ గంటల తరబడి వంగి ఉంటారు. వాళ్ళకి బూట్లు తొడుక్కోమని చెప్పేవాడు ఒక్కసారి మడిలో దిగి చూడాలి. పుండు ఉన్నప్పుడు దిగకపోవడం, దిగి వచ్చాక మంచినీళ్ళతో సబ్బుతో కాళ్ళు కడగడం, షుగర్ అదుపులో పెట్టుకోవడం, ఇంతవరకే మా ఇంట్లో చేయగలిగాం. కాపాడుకోవడం ఇంత కష్టమైన జబ్బు కాబట్టే, వచ్చాక తొందరగా పట్టుకోవడం మీద నేనింత పట్టుబడుతున్నాను.

ఈ ఏడాది ఉభాలప్పుడు సెలవు పెట్టి వెళ్ళాను. మావయ్య మడిలో దిగలేదు, గట్టు మీద కూర్చుని ఆకుకట్టలు అందిస్తున్నాడు. కూలీలు దొరక్క అత్త దిగింది. పోయినేడు ఆవిడకీ షుగర్ బయటపడింది. "నువ్వెందుకు దిగావత్తా" అంటే "మరేటి సేస్తాం నాయనా, మడి ఆగదు కదా" అంది. బుర్ర ఎత్తకుండా నాటుకుంటూ పోతోంది. కాలు ఎత్తినప్పుడల్లా మడమ కనబడుతోంది, నిలువునా మూడు పగుళ్ళు.